ఒంటరి ఫోటో దిగని పోచమ్మ

పోచమ్మ తన జీవితంలో ఫోటోలే దిగలేదని అనుకునేరు. దిగింది, బోలెడు దిగింది. పెళ్లిళ్లలో, బారసాలల్లో, ఒడిబియ్యం పోసుకున్నప్పుడు, బోరబండ గల్లీలో వినాయకుణ్ణి నిలబెట్టినప్పుడు. కాకపోతే ప్రతి ఫోటోలోనూ ఆమె పక్కన ఎవరో ఒకరు ఉండి తీరాలి. ఓటరు కార్డు ఫోటో తీయించుకునే రోజున కూడా కొడుకు సాయిలు కింద గొంతుక్కూర్చుని ఆమె చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది. కార్డులో ఆ చెయ్యి కనబడదు. అయినా అది ఉందని ఆమెకు తెలుసు, అంతే చాలు.

ఒంటరిగా దిగిన ఫోటోకు దండ పడుతుందని ఆమె భయం. ఆ గల్లీలో పెద్దవాళ్లు చాలామందికి ఉన్న భయమే అది. మూఢనమ్మకం అని కొట్టిపారేసేవాళ్లు ఒకసారి మన ఇళ్లల్లో గోడల వంక చూసుకోవాలి. దండ వేసిన ఫోటోల్లో ఎవరి పక్కన ఎవరున్నారు గనక?

ఇలాంటి మనిషికి ఫోటోలు తీసే కోడలు దొరికింది. మమత వారమంతా హైటెక్ సిటీలో ఒక పెద్ద అద్దాల భవనంలో హౌస్‌కీపింగ్ పని చేసేది. ఆదివారం వస్తే మెడలో కెమెరా. పుట్టినరోజులు, బారసాలలు, సీమంతాలు, నిజాంపేట హాస్టళ్లలో ఆడపిల్లల సంబంధాల ఫోటోలు. ఆడవాళ్ల ఫంక్షన్లలో ఆడమనిషి ఫోటోలు తీస్తుంటే అందరికీ తేలిగ్గా ఉంటుంది. నవ్వులు నిజంగా వస్తాయి. అందుకే ఆమెను ఒకసారి పిలిచినవాళ్లు మళ్లీ పిలిచేవారు.

ఇల్లంతా ఆమె తీసిన ఫోటోలే. కానీ గోడ మీద నడిమధ్యన ఉన్నది మాత్రం ఆమె తీసింది కాదు. అది మామ లింగయ్యది. ఈ కెమెరా ఇంట్లోకి రాకముందే ఆయన పోయాడు. ఆయన ముఖం రేషన్ కార్డు మీది కుటుంబం ఫోటోలో శనగగింజంత ఉంది. స్టూడియో అతను దాన్నే పెద్దది చేసి, కళ్లు దిద్ది, మెడ కింద ఒక కోటూ టై తగిలించాడు. బతికినన్నాళ్లూ తాపీపని చేసిన లింగయ్య చచ్చాక ఎవరో తహసీల్దారులా తయారయ్యాడు. పోచమ్మ రోజూ ఆ ఫోటోకు దీపం పెట్టేది, పెడుతూ రోజూ ఒకే మాట అనేది.

"ఎవలో దొరోలె ఉన్నడు. నీకు దండం పెడుతున్న గని, మా ఆయన ఏడున్నడయ్యా?"

విని సాయిలు నవ్వేవాడు. మమతకు మాత్రం నవ్వు వచ్చేది కాదు.

రెండువేల పదకొండులో పోచమ్మకు మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. దవాఖానకు తీసుకుపోతే గుండెలో ఒక కవాటం పాడైందని, ఆపరేషన్ చేయాలని అన్నారు. దసరా దాటిన వారానికి రమ్మన్నారు. చాలామంది బాగానే లేచి తిరుగుతారని డాక్టరు ధైర్యం చెప్పాడు. ఆ "చాలామంది" అన్న మాట దగ్గరే మమత మనసు ఆగిపోయింది.

ఆమెకు అత్త ముఖం ఒక్కటి కావాలి. మంచిది, నిజమైనది, అత్త అత్తలాగే ఉన్నది. ఏదన్నా జరగరానిది జరిగితే ఈ గోడ మీదికి రెండో తహసీల్దారు రాకూడదు. కానీ ఆపరేషన్‌కు ముందు ఒంటరి ఫోటో దిగమని ఆ మనిషిని ఏ నోటితో అడుగుతుంది? అడిగితే "నువ్వు పోతావేమో" అని ముఖం మీద అన్నట్టే. సాయిలుతో కూడా అనలేకపోయింది. ఆ కోరికను ఒక్కతే మోసుకు తిరిగింది.

పైగా ఉన్న కెమెరాతో అది కుదిరే పని కాదు. ఆ కెమెరా ఆ భవనంలోనే ఐదో అంతస్తులో పనిచేసే ఉదయ్ భాస్కర్‌ది. భీమవరం వైపు మనిషి. కొత్తది కొనుక్కుని పాతది ఆమెకు తక్కువలో ఇచ్చాడు. దాంతో పాటు వచ్చిన లెన్స్ పగటిపూట బాగానే పనిచేసేది. వెలుతురు తగ్గితే చాలు, బొమ్మ వణికిపోయేది. ఫ్లాష్ వేస్తేనేమో ముఖాలు సున్నం కొట్టిన గోడల్లా తేలేవి. పోచమ్మ ఇంట్లో ఉండే గదికి ఉన్నది ఒక్కటే కిటికీ. అందులోనూ అవి తెలంగాణ కోసం సకల జనుల సమ్మె సాగుతున్న రోజులు. బొగ్గు గనులు ఆగాయి, బస్సులు ఆగాయి, కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు.

ఒక మధ్యాహ్నం టీ గదిలో ఉదయ్ భాస్కర్ దొరికాడు.

"ఏంటి మమత గారూ, మీ రాష్ట్రం వచ్చేస్తే మాకు ఈ ఫ్లోర్‌లోకి వీసా ఇస్తారా?"

"టీ అయితే ఇస్త సార్. వీసా సంగతి నాకెరుక లేదు."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ రోజుల్లో ఆ భవనంలో ఇలా నవ్వుకోగలిగినవాళ్లు తక్కువే. కొన్ని టేబుళ్ల దగ్గర మాటలు మానేసినవాళ్లూ ఉన్నారు. మమత విషయం చెప్పింది. అత్త సంగతి చెప్పలేదు. ముఖాలు మంచిగా రావాలి, చీకటి ఇళ్లల్లో కూడా రావాలి, ఫంక్షన్లకూ పనికిరావాలి, దసరా బోనస్‌లో అయిపోవాలి అని మాత్రం చెప్పింది.

"జూమ్ లేని చిన్న లెన్సులు రెండున్నాయండి. ఒకటి ముప్ఫై ఐదు మిల్లీమీటర్లది, ఒకటి యాభైది. రెండిటికీ కన్ను పెద్దది, వెలుతురు బాగా తీసుకుంటాయి. ముఖం ఒక్కటే స్పష్టంగా ఉండి వెనకాలంతా మెత్తగా కరిగిపోతుంది. ముప్ఫై ఐదులో గది ఎక్కువ పడుతుంది. యాభైలో ముఖం దగ్గరికొస్తుంది. నాదే ఇద్దును గానీ నా కొత్త కెమెరా కంపెనీ వేరు, మీ దానికి పట్టదు."

"రెండిట్ల ఏది మంచిది సార్?"

"అది నేను చెప్తే తప్పైపోద్దండి. మీ ఇల్లు, మీ మనుషులు, మీ పద్ధతి. ఒక పని చేయండి. ఉన్న లెన్స్ జూమ్‌నే ముప్ఫై ఐదు అంకె దగ్గర పెట్టి, తిరక్కుండా ప్లాస్టర్ అంటించేయండి. కొన్నాళ్లు అదే లెన్స్ అనుకుని తీయండి. తర్వాత యాభై దగ్గర. చెయ్యి దేనికి అలవాటు పడితే అదే కొనుక్కోండి."

ఎంత తేలికైన ఉపాయమో చూడండి. డబ్బు పెట్టకముందే లెన్స్ కొన్నట్టు. మమత ఇంటికి వెళ్లి పోచమ్మ మందుల డబ్బాలోంచి గుడ్డ ప్లాస్టర్ తీసి లెన్స్ చుట్టూ చుట్టింది.

"కెమెరాకు దెబ్బ తగిలిందా బిడ్డా?" అంది పోచమ్మ మంచం మీద నుంచి.

"బెణికింది అత్తమ్మ."

మొదట ముప్ఫై ఐదు. గదిలో మంచం, బియ్యం డ్రమ్ము, సాయిలు, పక్కింటి ఎల్లమ్మ అందరూ చక్కగా పట్టారు. కానీ పోచమ్మ ముఖం ఒక్కటే కావాలంటే మంచం అంచుదాకా పోవాలి. అంత దగ్గరికి పోయేసరికి పోచమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఎల్లమ్మా, జర ఇటు రా, పక్కన కూసో" అని కేకేసేది. మమత చేతులు దించుకుని వెనక్కి వచ్చేది.

తర్వాత యాభై. ఇప్పుడు గది చాల్లేదు. వెనక్కి, ఇంకా వెనక్కి జరిగి గడప దాటి గల్లీలో పడింది. నీళ్ల బిందెతో వస్తున్న ఒకావిడ ఆమెను గుద్దుకోబోయి నాలుగు తిట్లు తిట్టింది. మమత ఆ తిట్లు పడుతూనే కెమెరాలోంచి చూసింది. అవతల గదిలో పోచమ్మ బియ్యంలో రాళ్లు ఏరుకుంటోంది. ఎవరో తనను చూస్తున్నారన్న ధ్యాసే లేదు. నుదుటి మీద పచ్చబొట్టు, కంటి కింద ముడతలు, పెదవుల మధ్య ఏదో గొణుగుడు. అత్త అత్తలాగే ఉంది. వెలుతురు చాలక ఆ ఫోటో వణికిపోయింది గానీ మమతకు తేలిపోయింది. అందరూ పట్టే ఫోటోలకు పాత లెన్స్ ఎలాగూ ఉంది. ముఖానికి యాభై.

సాయిలుకు ఇది నచ్చలేదు. అతను ఐటీ కంపెనీలకు క్యాబ్ నడిపేవాడు, సమ్మెలో బండి సగం రోజులు ఇంటి ముందే ఉండేది. పనిలేని మనిషికి సలహాలెక్కువ.

"పైసలు పెట్టి కొంటున్నవ్, గంత పొడుగు లెన్స్ కొను. మెడల ఏసుకుంటే నలుగురు చూడాలె. పెండ్లిళ్లల్ల గదే చూస్తరు."

"నలుగురు నన్ను చూసుడు కాదయ్యా, నేను నలుగురిని చూడాలె."

బస్సులు లేవు, బండి తీస్తే ఊరేగింపుల్లో ఇరుక్కుంటుంది కాబట్టి బోరబండ స్టేషన్‌లో రైలెక్కి నాంపల్లిలో దిగి, అక్కణ్ణుంచి కోఠి దాకా ఇద్దరూ నడిచారు. దుకాణాలు సగం తెరిచి సగం మూసి ఉన్నాయి. ఊరేగింపు వస్తే షట్టర్ దించేయడానికి వీలుగా. కెమెరాల దుకాణం పెద్దాయన సాయిలు ముఖం చూడగానే పొడుగు లెన్స్ తీసి బల్ల మీద పెట్టాడు. సాయిలు దాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు. మమత మనసు ఒక్క క్షణం అటే లాగింది, అబద్ధమెందుకు. దాన్ని కెమెరాకు తగిలించి దుకాణం మూలకు గురిపెట్టింది. చీకటి, వణుకు. మళ్లీ పాత కథే.

"యాభై చూపియ్యండి."

పెద్దాయన తెచ్చింది చిన్న ప్లాస్టిక్ డబ్బీలా ఉంది. చేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు.

"గిది గింతేనా?" అన్నాడు సాయిలు. పాపం అతని గొంతులో నిజంగానే దుఃఖం ఉంది.

"నువ్వు జర గా మూలకు నిలబడు."

ఒక బొమ్మ తీసి కెమెరా వెనకాల తెరమీద చూపించింది. దుకాణంలోని డబ్బాలు, వైర్లు, ట్యూబులైటు అన్నీ ఎక్కడికో కరిగిపోయాయి. సాయిలు ముఖం ఒక్కటే ఉంది. రోజుల తరబడి బండి కదలక, ఇంట్లో తల్లి ఆయాసం వింటూ, పైకి జోకులేస్తూ తిరిగిన మనిషి ముఖం. సాయిలు దాన్ని చాలాసేపు చూశాడు.

"నేను గిట్లున్ననా?"

"గిట్లనే ఉన్నవ్."

"అమ్మకేమన్న అయితదేమోనని భయపడుతున్న మమతా," అన్నాడు అతను మెల్లగా. పెద్దాయన గల్లాపెట్టెలో ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకున్నాడు. అప్పుడు మమత తన మనసులో ఉన్నదంతా చెప్పేసింది. లెన్స్ ఎందుకో, ఎవరి కోసమో. సాయిలు కోప్పడతాడనుకుంది. అతను పొడుగు లెన్స్‌ను తనే పక్కకు జరిపి, "ఇదే ఇయ్యండి సేటు" అన్నాడు.

సద్దుల బతుకమ్మ రోజు సాయంత్రం గల్లీ నిండా పూలే. తంగేడు, గునుగు, బంతి. పాటల మధ్యలో జై తెలంగాణ నినాదాలు. పోచమ్మను చుట్టూ తిరగొద్దని డాక్టరు చెప్పాడు గనక ఆమె అరుగు మీద కూర్చుని చప్పట్లు మాత్రం కలుపుతోంది. పక్కన ఎల్లమ్మ. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఆడవాళ్లు ఆటైతే ఆపలేదు. ఆకాశంలో ఇంకా కొంచెం వెలుగుంది, బతుకమ్మల మీద దీపాలున్నాయి. మమత గల్లీకి అవతలి గోడకు వీపు ఆనించి కెమెరా ఎత్తింది.

మొదటి ఫోటోలో ఎల్లమ్మ మెరిసిపోయింది, పోచమ్మ మసకబారింది. రెండో దాంట్లో పోచమ్మ ముక్కుపుల్ల తళతళలాడుతోంది, కళ్లు మాత్రం పొగమంచులో ఉన్నాయి. ఈ లెన్స్‌తో వచ్చిన చిక్కే అది. అది దేన్ని నమ్ముకుంటే దాన్నే చూస్తుంది, పక్కన ఏముందో దానికి పట్టదు. వెలుగు తగ్గిపోతోంది. ఇవాళ కాకపోతే ఇంకెప్పుడూ కుదరదని మమతకు అనిపించింది. ఊపిరి బిగబట్టి, కెమెరాలో ఫోకస్ ఎక్కడుందో చూపే చిన్న ఎర్ర చుక్కను పోచమ్మ కంటి మీద నిలబెట్టింది. అప్పుడే పోచమ్మ తలెత్తి నేరుగా ఆమె వంక చూసింది. కొంగు అడ్డం పెట్టుకోలేదు. చూస్తూనే ఉంది. మమత నొక్కింది.

ఇంట్లో దీపం దగ్గర తెరమీద ఆ ఫోటో చూపించింది. పోచమ్మ ముఖం, ముఖంలో ఉన్న ప్రతి గీత. కళ్లల్లో బతుకమ్మ దీపాలు. పక్కన మెత్తగా కరిగిపోయిన ఒక ఆకుపచ్చ చీర.

"ఇదెవలు?" అంది పోచమ్మ ఆ ఆకుపచ్చ మీద వేలు పెట్టి.

"ఎల్లమ్మ గద అత్తమ్మ."

"ముఖం తెలుస్తలేదు."

"తెలువకున్నా ఉన్నది."

"అయితే నేను ఒంటిగ లేను."

"లేవు అత్తమ్మ."

పోచమ్మ తలాడించి కెమెరా తిరిగి ఇచ్చేసింది. మమత బయటికి వచ్చి గల్లీలో నిలబడి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. దొంగతనం చేసినట్టు ఉంది, గెలిచినట్టూ ఉంది.

దసరా అయిపోయింది. ఆపరేషన్ రోజున సాయిలే బండిలో తల్లిని తీసుకుపోయాడు. దారిలో ఒకచోట రాస్తారోకో. జెండాలు పట్టుకున్నవాళ్లు లోపలికి తొంగిచూసి, "దవాఖానకా? పో అన్నా, పో" అని దారి ఇచ్చారు. లోపలికి తీసుకుపోయేముందు పోచమ్మ కోడలి చెయ్యి ఒకసారి గట్టిగా పిసికి వదిలింది. ఆ తర్వాత సాయిలూ మమతా వరండాలో కూర్చున్న తీరు గురించి చెప్పడానికి ఏమీ లేదు. దవాఖాన వరండాలో కూర్చున్నవాళ్లకు అది తెలుసు, కూర్చోనివాళ్లకు చెప్పినా తెలియదు. మమత కెమెరా తీసుకుపోలేదు. కానీ కళ్లు మూసుకుంటే ఆ ఫోటోనే కనబడేది, ఛీ ఛీ అని కళ్లు తెరిచేది. తీయకుండా ఉండాల్సిందేమో, అత్త మాటే నిజమేమో అని వెయ్యి రకాలుగా పోయింది మనసు.

సాయంత్రం డాక్టరు బయటికి వచ్చాడు. "బాగుంది. అంతా బాగా జరిగింది" అన్నాడు.

మమత ఉన్నచోటే నేల మీద చతికిలబడి ఏడ్చింది. సాయిలు ఏడవలేదు. కిందికి దిగి బండి హోటల్లో ఇడ్లీల మీద ఇడ్లీలు తిని, భార్యకు కట్టించుకురావడం మరిచిపోయి వచ్చాడు. ఆ తిక్కమనిషిని చూసి మమతకు ఏడుపులోనే నవ్వు వచ్చింది. ఎన్నాళ్లయిందో అలా నవ్వి.

పోచమ్మ ఇంటికి వచ్చేసరికి సమ్మె ముగిసింది. బస్సులు తిరుగుతున్నాయి, సాయిలు బండి కూడా తిరుగుతోంది. ఇల్లంతా తేలికపడింది. ఒక ఆదివారం పొద్దున ఎండ గడప దాటి గదిలోకి వచ్చింది. పోచమ్మ తల దువ్వించుకుని, మంచి చీర కట్టుకుని, స్టూలు ఎండలోకి జరిపించుకుని కూర్చుంది.

"మమతా, కెమెరా తే. ఆ చిన్న లెన్స్ పెట్టు."

మమత లెన్స్ మార్చుతుంటే అలవాటు కొద్దీ ఎల్లమ్మ వచ్చి పక్కన పీట వేసుకుంది. పోచమ్మ ఆమె భుజం మీద తట్టింది.

"ఎల్లమ్మా, నువ్వు జర అటు జరుగు. ఇయ్యాల ఒక్కదాన్నే దిగుత."

మమత చేతులు ఆగిపోయాయి.

"గట్ల చూడకు బిడ్డా. బతుకమ్మ నాడు నువ్వెందుకు తీసినవో నాకు తెల్వదా? దినాల కొద్ది కెమెరాకు పట్టీ కట్టి నా సుట్టు తిరిగితివి. అడుగుతవు, అడుగుతవు అని చూసిన. నీకు నోరు రాలె. పాపం, నాకన్న నువ్వే ఎక్కువ పరేషాన్ అయితున్నవ్. అందుకే ఎల్లమ్మను పక్కన పెట్టుకొని నీ దిక్కు చూసిన. నీకు ఫోటో దొరకాలె, నాకు ధైర్యం ఉండాలె."

"నాకు చెప్పకపోతివి అత్తమ్మ," అంది మమత.

"నువ్వు చెప్పినవా ఏంది?"

ఎల్లమ్మ పకపకా నవ్వింది. మమత కొంగుతో కళ్లు తుడుచుకుంది. నెలరోజులుగా గుండెల మీద మోసిన బండ దిగిపోయింది. అత్తకు తెలుసు. తెలిసే కూర్చుంది. ఆ ఫోటో దిగి కూడా దవాఖాన నుంచి తిరిగి వచ్చింది.

"మరి దండ?" అంది మెల్లగా.

"దండ సంగతి తర్వాత. గోడ మీదున్న దొర ఫోటో మీ మామ పోయినంక చేయించింది, ఆయన ఉన్నప్పుడు ఎవలం చూసుకోలె. గీ ఫోటో నేనున్నప్పుడు చూసుకునేతందుకు. తియ్ ఇగ, ఎండ పోతది."

మమత కెమెరా ఎత్తింది. యాభైలో అత్త పట్టలేదు. వెనక్కి, ఇంకా వెనక్కి జరిగి, గడప దాటి గల్లీలోకి దిగింది. లోపల ఎండలో పోచమ్మ ఒక్కతే కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, నేరుగా కోడలి వైపు చూస్తోంది.

"నవ్వాల్నా వద్దా?" అని లోపలినుంచి అడిగింది.

"నీ ఇష్టం అత్తమ్మ," అంది మమత.